జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5) డేటాను ఆర్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో లెక్కిస్తే నివేదిక అంకె రావట్లేదు, ఎందుకు?

ప్రశ్న: తెలంగాణలో 15–49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత 57.6 శాతమని నివేదికలో ఉంది. మహిళల ఫైలులో వీ024 (రాష్ట్రం కోడ్) = 36, అంటే తెలంగాణ వాళ్లను వడకట్టి, వీ457లో (రక్తహీనత స్థాయి: 1–3 అంటే ఉన్నట్టు, 4 అంటే లేనట్టు) 1, 2, 3 ఉన్నవాళ్ల వాటా తీస్తే తక్కువ వస్తోంది. పైగా ఫైలు తెరిస్తే 8 జీబీ ల్యాప్‌టాప్ బిగుసుకుపోతోంది.

జవాబు 1: ముందు ఫైలు సంగతి. అందులో 7,24,115 మంది మహిళలు, వేల కాలమ్‌లు. మొత్తం ఎందుకండీ? ఆర్‌లోని హేవెన్ ప్యాకేజీతో చదివేటప్పుడే, కావలసిన కాలమ్‌లు ఎంచుకునే కాల్‌-సెలెక్ట్‌ (col_select)లో వీ005, వీ021, వీ022, వీ024, వీ457 ఇవ్వండి, చాలు.

ఇక వెయిట్, అంటే శాంపిల్‌లో ఒక్కో మహిళకు ఇచ్చే బరువు. అది వీ005లో ఉంటుంది. దాన్ని 10,00,000తో భాగించి, సర్వే ప్యాకేజీ డిజైన్‌లో పెట్టండి: క్లస్టర్ (శాంపిల్‌గా ఎంచిన ఊరు లేదా వార్డు) వీ021, స్ట్రాటా (శాంపిల్ తీసేముందు విడదీసిన వర్గాలు) వీ022, నెస్ట్ ట్రూ (nest = TRUE). తెలంగాణను వడకట్టేది డిజైన్ కట్టాకే, సబ్‌సెట్‌తో. ముందే కోసేస్తే స్టాండర్డ్ ఎర్రర్ (అంచనాలో ఉండే అనిశ్చితి కొలత) తేడా పడొచ్చు.

జవాబు 2: వెయిట్ ఒక్కటే కాదు, "ఇన్" (%in%) ఆపరేటర్ వాడారేమో చూడండి. రక్తపరీక్ష జరగనివాళ్లకు వీ457 ఖాళీ. ఆ ఆపరేటర్ ఖాళీని "లేదు"గా మార్చేస్తుంది, హారం ఉబ్బుతుంది, శాతం పడిపోతుంది. వీ457 < 4 అని రాస్తే ఖాళీ ఖాళీగానే ఉంటుంది. తర్వాత ఖాళీలను లెక్క నుంచి తీసేసే ఎన్‌ఏ-ఆర్‌ఎమ్ ట్రూ (na.rm = TRUE) పెట్టండి.

జవాబు 1: అవును, తక్కువ రావడానికి అదే పెద్ద అనుమానం. స్ట్రాటాలో ఒకే క్లస్టర్ ఉందని ఎర్రర్ వస్తే సర్వే ప్యాకేజీలోని లోన్లీ-పీఎస్‌యూ (survey.lonely.psu) ఆప్షన్‌కు "అడ్జస్ట్" (adjust) అని ఇవ్వండి.