ఉద్యోగం వదిలి కర్రీ పాయింట్ పెట్టడం ధైర్యమా, తొందరపాటా?

నిజాంపేట్_భోజనప్రియుడు: మాదాపూర్‌లో టెస్టింగ్ జాబ్, వయసు 37. ప్రగతినగర్‌లో కర్రీ పాయింట్ పెట్టాలని ఎప్పటినుంచో కోరిక. వంట బాగా వచ్చు, షట్టర్ కూడా చూసుకున్నాను. రాజీనామా మెయిల్ డ్రాఫ్ట్‌లో ఉంది, సెండ్ కొడదామంటే చేతులు వణుకుతున్నాయి. ఈ భయాన్ని మీరెలా దాటారు? మోటివేషన్ వీడియోలు మాత్రం పంపకండి.

చార్మినార్_చాయ్: కొట్టెయ్ అన్నా. ఏదైతే అదవుతుంది.

లెక్కల_మాస్టారు: తమ్ముడూ, ఈ కంపెనీలో చేరి ఎన్నేళ్లయింది? అయిదేళ్లు నిండకుండా మానేస్తే గ్రాట్యుటీ, అంటే వెళ్లేటప్పుడు కంపెనీ ఇచ్చే మొత్తం, పోతుంది. చివరి నెల బేసిక్, డీఏ కలిపి 26తో భాగించి, 15తో, తర్వాత సర్వీసు ఏళ్లతో గుణించు. చిన్న మొత్తమేం కాదు.

నిజాంపేట్_భోజనప్రియుడు: 4 ఏళ్ల 8 నెలలు. కానీ నేనడిగింది అది కాదండీ.

ఆవకాయ్_టైమ్స్: పోదు మాస్టారూ. నాలుగేళ్లు నిండి, అయిదో ఏట 240 రోజులు పనిచేస్తే చాలని మద్రాసు హైకోర్టు చెప్పింది. వారానికి అయిదు రోజులే పనిచేసే ఆఫీసైతే 190 రోజులు.

లెక్కల_మాస్టారు: అది మద్రాసు, మనం ఉన్నది హైదరాబాద్‌లో. హెచ్ఆర్ వాళ్లు ఒప్పుకోకపోతే మీరొచ్చి వాదిస్తారా?

వనస్థలిపురం_అక్క: గ్రాట్యుటీ సంగతి తర్వాత. మా నాన్న బాలానగర్ వైపు ఒక ప్రభుత్వ కంపెనీలో వీఆర్ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) తీసుకుని, ఆ డబ్బంతా పోసి ఎస్టీడీ బూత్ పెట్టారు. చుట్టాలందరూ భలే ధైర్యం అన్నారు. సెల్‌ఫోన్లొచ్చి బూత్ మూతపడ్డాక వాళ్లలో ఒక్కరూ గడప తొక్కలేదు, అమ్మ గొలుసు, నా ఇంజినీరింగ్ సీటు రెండూ అందులోనే పోయాయి. చేతులు వణుకుతున్నాయంటే మంచిదే, వణకనివ్వండి.

కొండాపూర్_పాతకాపు: అక్కా, దీనికి ఇంకో వైపు కూడా ఉంది. నాకు బెంగళూరులో స్నేహితుడితో కలిసి కంపెనీ పెట్టే అవకాశం వచ్చింది, అమ్మ ఏడ్చిందని ఆగిపోయాను. ఎంతో భద్రమనుకున్న ఆ ఉద్యోగంలోంచే 46 ఏళ్లకి ఒక మీటింగ్‌లో పిలిచి పంపించేశారు. ఉద్యోగంలో రిస్క్ లేదని ఎవరన్నారు? అది మన చేతిలో ఉండదు, అంతే తేడా.

కూకట్‌పల్లి_గరిట: నాకు కర్రీ పాయింట్ ఉంది కాబట్టి చెప్తున్నా. వ్యాపారమంతా సాయంత్రం ఏడు నుంచి తొమ్మిదిన్నర లోపే. పప్పు, సాంబారు, వేపుళ్ల మీద నాలుగు రూపాయలు మిగులుతాయి, చికెన్ మిగిలిపోయిందంటే ఆ రోజు లాభం పోయినట్టే. 19 కిలోల కమర్షియల్ సిలిండర్ వాడాలి, ఇంటి గ్యాస్ పెట్టి దొరికితే కేసు. ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్, ట్రేడ్ లైసెన్స్ వేరే. ఇంట్లో పదిమందికి వండటం వేరు, రేపు ఎంతమంది వస్తారో తెలియకుండా వండటం వేరు బాస్. లీవ్ పెట్టి వారం రోజులు మా కౌంటర్ దగ్గర నిలబడు, భయం పోతుందో పెరుగుతుందో నీకే తెలుస్తుంది.

వనస్థలిపురం_అక్క: ఇంతకీ ఆయన భార్యకి చెప్పారో లేదో ఎవరూ అడగరేంటి?

కొండాపూర్_పాతకాపు: అబ్బా, ప్రతిదానికీ ఇంట్లో సంతకం కావాలా? అందరూ ఊ అనేదాకా ఆగితే ఈ జన్మకి ఏమీ చెయ్యలేం. మీ నాన్నగారి మీద కోపం ఆయన మీద చూపించకండి.

వనస్థలిపురం_అక్క: కోపమే, ఎందుకుండదు? ఆయన ధైర్యానికి వాయిదాలు కట్టింది మేము. మీరు మీ అమ్మ పేరు చెప్పుకుని ఇన్నేళ్లు గడిపారు, బహుశా మీకే వెళ్లాలని లేదేమో.

కొండాపూర్_పాతకాపు: మాటలు జాగ్రత్త.

చార్మినార్_చాయ్: అరే, ఆగండి ఇద్దరూ. భోజనప్రియా, ఉన్నావా?

నిజాంపేట్_భోజనప్రియుడు: ఉన్నాను. షట్టర్ చూసిన సంగతి ఆవిడకి తెలుసు, మెయిల్ సంగతి తెలియదు. హోమ్ లోన్ ఇద్దరి పేరు మీదా ఉంది. వద్దంటుందని కాదు, ‘సరే, కానీ రేపు అటూ ఇటూ అయితే?’ అంటే నా దగ్గర జవాబు లేదు.

వనస్థలిపురం_అక్క: కో-అప్లికెంట్ అన్నమాట! మీరు కట్టకపోతే బ్యాంకు ఆవిడనే అడుగుతుంది. ముందు ఆవిడతో మాట్లాడండి, ఇక్కడ మాతో కాదు.

కొండాపూర్_పాతకాపు: మాట్లాడు, సరే. ఆవిడ వద్దంటే ఏం చేస్తావో అది కూడా ముందే తేల్చుకుని కూర్చో.

లెక్కల_మాస్టారు: నోటీస్ పీరియడ్ మూడు నెలలా? పనిచేస్తే అది కూడా సర్వీసే. 4 ఏళ్ల 11 నెలలవుతుంది. ఇంకో నెలాగి సెండ్ కొట్టు.

ఆవకాయ్_టైమ్స్: అక్కర్లేదన్నానుగా మాస్టారూ, 190 రోజులు!