స్కేలింగ్ తర్వాత కింది ముందుపళ్ళు జివ్వుమంటున్నాయి, ఇది మామూలేనా?

ప్రశ్న:
మొన్న శనివారం పళ్ళు క్లీనింగ్ చేయించుకున్నాను. కింది ముందుపళ్ళ లోపలివైపు గార బాగా పేరుకుందని మిషన్‌తో తీశారు. అప్పట్నుంచి ఫ్రిజ్ నీళ్ళు సరే, కుండనీళ్ళు తాగినా, నోరు తెరిచి గాలి పీల్చినా జివ్వుమంటోంది. పళ్ళ మధ్య ఇదివరకు లేని సందులు కూడా కనిపిస్తున్నాయి. క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులైపోతాయని మా అత్తయ్య ముందే అంది. నిజంగానే ఎనామిల్ గీకేశారా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
డెంటిస్టుగా చెప్తున్నాను, ఎనామిల్ ఎక్కడికీ పోలేదండీ. నాలుక కింద లాలాజలం ఊరే చోటు అదే కాబట్టి, అందులోని కాల్షియం పాచిలో చేరి అక్కడే త్వరగా గట్టిపడి గార అవుతుంది. గార ఉన్నచోట చిగురు కిందికి జారుతుంది, పంటి వేరు బయటపడుతుంది, వేరు మీద ఎనామిల్ ఉండదు. ఇన్నాళ్ళూ గార దాన్ని కప్పి ఉంచింది. ఇప్పుడు చల్లదనం తగలగానే వేరులోని డెంటిన్ అనే పొరలో ఉండే సన్నటి గొట్టాల్లో ద్రవం కదిలి నరానికి తెలుస్తోంది. ఆ సందులు గార ఉన్న చోట్లే, చిగుళ్ళ వాపు తగ్గినప్పుడు కూడా అలా కనిపిస్తాయి. పళ్ళు వదులయ్యేది చిగుళ్ళ జబ్బుతో ఎముక అరిగిపోవడం వల్ల, క్లీనింగ్ వల్ల కాదు, అత్తయ్యగారికి ఇది తప్పకుండా చెప్పండి.

జవాబు 2:
నాకూ ఇలాగే అయింది, వారం పైన పట్టింది తగ్గడానికి. సెన్సిటివిటీ పేస్ట్ కొనేటప్పుడు వెనక పొటాషియం నైట్రేట్ 5 శాతం అని ఉందో లేదో చూడండి. రాత్రి బ్రష్ చేశాక కాస్త వేలికొనతో జివ్వుమనే చోట రాసి, ఉమ్మేయండి కానీ నీళ్ళు పుక్కిలించొద్దు. మెత్తటి బ్రష్ వాడండి, నిమ్మకాయ సోడా, కూల్‌డ్రింకులు కొన్నాళ్ళు మానేయండి. బొగ్గుపొడి, ఉప్పు పెట్టి రుద్దమని ఎవరు చెప్పినా వినకండి, బయటపడ్డ వేరు ఇంకా అరుగుతుంది.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ, కాస్త ధైర్యం వచ్చింది. ఇంకొకటి, కుడివైపు చివరి దవడపన్ను మాత్రం వేడి టీకి కూడా లాగుతోంది, టీ తాగేశాక కూడా చాలాసేపు నొప్పి ఉంటోంది.

జవాబు 1:
అది వేరే సంగతండీ. చల్లటిది తగిలి జివ్వుమని వెంటనే పోయేదైతే ఆగి చూడొచ్చు. వేడికి మొదలై అలాగే ఉండిపోతే పన్ను లోపల నరం వాచి ఉండొచ్చు, పుచ్చు లోతుగా ఉందేమో ఎక్స్‌రేలో చూడాలి. పేస్ట్‌తో రోజులు గడపకండి, రేపే వెళ్ళి ఈ పన్ను సంగతి విడిగా చెప్పండి. ఈలోగా దవడ వాచినా, జ్వరం వచ్చినా రేపటిదాకా కూడా ఆగొద్దు.