సమస్య: తీగ లేక పూసె తెల్ల మల్లె

మద్దిలపాలెం మాస్టారు:
ఈ వారం ఆటవెలది, పైనున్నది నాలుగో పాదం, మిగతా మూడూ మీవి. షరతొకటే. మా మేనల్లుడు నా పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ బదులు ఓపెన్‌బీఎస్డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించేసి ఊరెళ్లిపోయాడు, వారం నుంచి వైఫై రావట్లేదు, కాబట్టి పూరణ వైఫై మీదే ఉండాలి, లైనక్స్ వాళ్లూ రావొచ్చు. మన వైజాగ్ పూర్ణా మార్కెట్ మల్లెలు తెచ్చి పోయొద్దు. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో వచ్చే జత అక్షరం, తీ–తె, మైత్రి ఉంది, దాని మీద గొడవొద్దు.

గాజువాక అక్క:
ఫర్మువేరు లేక పడుకున్న కార్డుకు
ఫోను తీగతోడ బోధ చేసి
తీసివేయగానె దీపమ్ము వెలిగెను
తీగ లేక పూసె తెల్ల మల్లె

మాస్టారూ, మీ గోల కూడా ఇదే అయ్యుంటుంది. ఇంటెల్ వైఫై కార్డుల ఫర్మ్‌వేర్, అంటే కార్డుని నడిపించే లోపలి ప్రోగ్రాం, లైసెన్సు పేచీ వల్ల ఓపెన్‌బీఎస్డీతో పాటు రాదు, ఎఫ్‌డబ్ల్యూ అండర్‌స్కోర్ అప్‌డేట్ అని కొడితే అదే దింపుకుంటుంది, కానీ దింపడానికి నెట్ కావాలి, నెట్ రావడానికి అది కావాలి. ఆండ్రాయిడ్ ఫోన్‌ని యూఎస్‌బీ తీగతో తగిలించి టెథరింగ్ (ఫోన్ నెట్ పంచుకోవడం) ఆన్ చేస్తే యుఆర్ఎన్‌డీఐఎస్0 అనే నెట్ కనెక్షన్ కనపడుతుంది, దానికి అడ్రస్ తెప్పించుకుని ఆ కమాండ్ కొట్టడమే.

సీతమ్మధార బుల్లోడు:
తీగ లేక అంటే రెండో పాదంలోనే తీగ పెట్టేసారేటక్కా?

గాజువాక అక్క:
మూడో పాదంలో పీకేశాను కదరా, చదువు ముందు.

మద్దిలపాలెం మాస్టారు:
ఫ–ప, ఫో–బో రెండూ ఒకే వర్గం హల్లులు జతకట్టే వర్గయతులు, శుభ్రంగా పడ్డాయి. "బోధ చేసి" చాలా బావుందమ్మా, పడుకున్న కుర్రాణ్ణి లేపి పాఠం చెప్పినట్టు. "తోడ" కొంచెం పాతవాసన, ఉండనీ. నా ల్యాప్‌టాప్‌కి వైఫై దీపమే లేదు, నెట్ సంగతి చూపే ఇఫ్‌కాన్ఫిగ్ కమాండ్‌లో స్టేటస్ యాక్టివ్ అని పడితే నాకదే మల్లె.

సీతమ్మధార బుల్లోడు:
నాది ఉబుంటు లైనక్స్.
మీట యొకటి నొక్కి మేలుకోదని యేడ్వ
అన్నుబ్లాకు చేసెనక్క వచ్చి
తిట్టుకొనుచు నేను తెరచితిన్ జూడగా
తీగ లేక పూసె తెల్ల మల్లె

నిజంగా జరిగిందే. ఏదో మీట తగిలి వైఫై రేడియో ఆగిపోయింది, నేను డ్రైవరే పోయిందనుకుని రెండు సార్లు సిస్టమ్ మొత్తం మళ్లీ ఎక్కించా, మా అక్క వచ్చి ఆర్ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ వైఫై అని ఒక్క ముక్క కొట్టి పోయింది.

మద్దిలపాలెం మాస్టారు:
గణాలు సరే. కానీ "ఏడ్వ" తర్వాత అచ్చొస్తే నకారం దిగుతుంది నాయనా, అప్పుడు "నన్ను బ్లాకు చేసె నక్క వచ్చి" అవుతుంది. నక్కొచ్చి నిన్ను బ్లాక్ చేసిందని అర్థం. యతి న–న, అదీ కుదిరి చచ్చింది.

గాజువాక అక్క:
😂😂 ఇంకోటి తమ్ముడూ, ఆర్ఎఫ్‌కిల్ లిస్టులో సాఫ్ట్ బ్లాక్ అని ఉంటేనే కమాండ్‌కి దిగుతుంది, హార్డ్ బ్లాక్ అయితే ల్యాప్‌టాప్ పక్కనున్న స్విచ్చి చేత్తో జరపాల్సిందే.

ఎంవీపీ మేడమీద:
రౌటరొక్క గదిని రాజ్యమేలుచునుండ
మేడ మీది గదికి సగమె చేరె
దాని పేరు చెప్పి తగినట్టి గుట్టీయ
తీగ లేక పూసె తెల్ల మల్లె

నాది ఫ్రీబీఎస్డీ, అదీ ఒక ఆపరేటింగ్ సిస్టమే. అసలు కార్డుతో పనవదు, దాని మీద డబ్ల్యూలాన్0 అని ఉత్తుత్తి కార్డు ఇంకోటి పుట్టించి దాంతో మాట్లాడాలి. నన్ను రాత్రంతా కూచోబెట్టింది మాత్రం కొటేషన్ గుర్తులు. వైఫైకి లాగిన్ చేయించే డబ్ల్యూపీఏ సప్లికెంట్ ఫైల్లో పాస్‌వర్డ్ మామూలు మాటల్లో రాస్తే, 8 నుంచి 63 అక్షరాలు, చుట్టూ కొటేషన్లుండాలి, అదే 64 అంకెల హెక్స్ (0–9, a–f) రాస్తే ఉండకూడదు. నేను మాటలు రాసి కొటేషన్లు మర్చిపోయా, తెల్లారి పాలవాడొచ్చే టైముకి కనపడింది.

మద్దిలపాలెం మాస్టారు:
రౌ–రా చెల్లుతుంది. రెండో పాదంలో మే–స యతి తప్పింది, "మిణుకె చేరె" అంటే సరి, సగం కంటే మిణుకే నిజం కూడాను. "గుట్టీయ" మంచి మాట, పాస్‌వర్డ్‌కి ఇంతకంటే ఏం కావాలి.

సీతమ్మధార బుల్లోడు:
మేడ మీదకి 5 గిగాహెర్ట్జ్ వైఫై కంటే 2.4 బాగా ఎక్కుతుంది అన్నా, గోడలు దాటుతుంది.

డాబాగార్డెన్స్:
2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫాను అప్పుడు ఊరంతా తీగలు నేల మీదే, ఏ మల్లే పూయలేదు 🙂 పూరణ ఆదివారం పెడతా.

మద్దిలపాలెం మాస్టారు:
ఆదివారం దాకా ఆగుతా. అక్కా, ఆ యూఎస్‌బీ తీగ ఛార్జింగ్‌ది పనికొస్తుందా? ఇందాకట్నుంచి పెట్టి చూస్తున్నా, ఫోన్ ఛార్జవుతోంది, టెథరింగ్ మీట మాత్రం బూడిద రంగులోనే ఉంది.

గాజువాక అక్క:
అది ఛార్జింగ్‌కి మాత్రమే వచ్చే తీగ మాస్టారూ, డేటా వెళ్లదు. రేపు మద్దిలపాలెం వైపే వస్తున్నా, నాది తెస్తాను.