ఈ వారం సమస్య: చచ్చి లేచి వచ్చి చంపె నతడు

నిన్న విజయవాడ గాంధీనగర్‌లో గూఢచారి బొమ్మ ఒకటి ఫస్ట్ షో చూసొచ్చి రాత్రి నిద్రపట్టక ఇస్తున్న సమస్యండి ఇది, ఆటవెలది పద్యానికి నాలుగో పాదం, ముందు మూడు పాదాలూ మీరే పూరించాలి. లోయలో పడ్డ హీరో చొక్కా నలక్కుండా పైకొస్తాడు, ఆరు గుళ్ల పిస్తోలు పాతికసార్లు పేలుద్ది, అవన్నీ నాకూ కనపడ్డాయి, అయినా చివర్లో నీళ్లలోంచి వాడి చెయ్యి పైకి లేవగానే పక్కసీటు పెద్దాయన ఒళ్లో పాప్‌కార్న్ ఒలికిపోతున్నా లేచి నిలబడి ఈలేశాడు, నేనూ వేశా. 1966లో గూఢచారి 116 సినిమాలో మన బుర్రిపాలెం హీరో కృష్ణగారొస్తే మా నాన్నా ఇలాగే చూశారంట. అసలు పూరణ కూడా ఇంతే కదా, కుదరని మాటని ముందే ఒప్పేసుకుని కవి దాన్నెట్లా కుదురుస్తాడా అని కాచుకుని ఉండటంలోనే మజా.

సత్తెనపల్లి మాస్టారు:

గూఢచారి పడియె ఘోరంపు లోయలో
విలను నవ్వె నంత విస్కి పోసి
ఇంటరువలు పిదప నీలలే మ్రోగగా
చచ్చి లేచి వచ్చి చంపె నతడు

నేను: మాస్టారూ, గూ-ఘో యతి, అదే పాదం మొదటి అక్షరానికీ మధ్యలో వచ్చే అక్షరానికీ పొత్తు, బాగా పడింది. ఇంటర్వెల్‌ని అలా సాగదీస్తే చెవికి కొంచెం అడ్డం తగిలింది గానీ, లైట్లారగానే మళ్లీ మొదలయ్యే గోల ఆ పాదంలో వినపడిందండి.

మంగళగిరి అక్క:

బావ బాండు సినిమ బాల్కనీలో జూసి
ఇల్లు చేరి కథను నెత్తుకొనియె
నడుమ నడుమ తానె నవ్వియు నవ్వియు
చచ్చి లేచి వచ్చి చంపె నతడు

మాస్టారు: అమ్మాయ్, ఇదీ పూరణంటే! నవ్వి చావడం, కథ చెప్పి చంపడం, రెండూ మనం రోజూ అనే మాటలే, రక్తం చుక్క లేకుండా సమస్య విడిపోయింది. 'సినిమ' అని మా-ని కురచ చేశావే, అది మాత్రం ఒప్పుకోను. 'బాండు బొమ్మ' అను, గణం, అంటే అక్షరాల కొలత, సరిపోద్ది, మన ఊరి మాటా అదే.

అక్క: మార్చేస్తా మాస్టారూ, నాకు తట్టనే లేదు.

పటమట తమ్ముడు: మొదటిసారి రాస్తున్నా, ఒక్క పాదమే వచ్చింది, తిట్టొద్దు.

కారు గాల్లొ ఎగిరి కృష్ణ దాటెను

నేను: తిట్టేదేముంది తమ్ముడూ. చివరి గణం సగంలో ఆగింది, కా-కి కృ యతి కుదరదు. పైగా ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణా నది వెడల్పు కిలోమీటరు పైనే. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ మనకి చేతిలోనే ఉన్నాయిగా, "కారు గాలి కెగిరి కాలువ దాటెను" అని చూడు, గణాలూ యతీ రెండూ పడతాయి. అవతలి గట్టున వాడికోసం ఎవరు కాచుకునున్నారో మిగతా రెండు పాదాల్లో నువ్వే చెప్పాలి, రేపు సాయంత్రం దాకా ఎదురుచూస్తా.