మిషన్‌లో 168 వచ్చింది: డ్రంక్ అండ్ డ్రైవ్ కేసు కోర్టులో ఎలా ఎదుర్కోవాలి?

రణస్థలం తమ్ముడు:
అందరికీ నమస్కారం. మా బావగారి కేసు. శనివారం రాత్రి 11 దాటాక శ్రీకాకుళం దగ్గర హైవే మీద కారు ఆపి ఊదించారు. స్లిప్పులో 100 ఎం.ఎల్.కి 168 ఎం.జి. అని ఉంది. ఒక్కసారే ఊదించారు. యాక్సిడెంటు ఏదీ లేదు, మొదటి కేసు. అరెస్టు చెయ్యలేదు, ఆసుపత్రికీ తీసుకెళ్లలేదు. లైసెన్సు తీసుకుని, కారు స్టేషన్‌లో పెట్టి, నోటీసు ఇచ్చి పంపేసినారు. ఒకాయన "పది వేలు కట్టేస్తే అయిపోద్ది" అంటన్నాడు. ఇంకొకాయన "రక్త పరీక్ష లేదు, కేసు నిలబడదు" అంటన్నాడు. ఏటి చెయ్యాల? పైడిభీమవరంలో కంపెనీ ఉద్యోగం, రోజూ కారు మీదే వెళ్లాలి.

కోర్టు వరండా:
ఇద్దరి మాటా పట్టించుకోవద్దు తమ్ముడూ.

మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 ఎం.ఎల్. రక్తంలో 30 ఎం.జి. దాటితే నేరం. ఆ సంగతి బ్రీత్ ఎనలైజర్‌తో తేలినా చాలు, ల్యాబ్ పరీక్షతో తేలినా చాలు. రక్తం తీసి తీరాలని ఎక్కడా లేదు. "బ్లడ్ టెస్ట్ లేకపోతే కొట్టేస్తారు" అనేది టీ కొట్టు దగ్గర పుట్టిన న్యాయశాస్త్రం.

ఇక పది వేల సంగతి. 2019 సవరణ తర్వాత మొదటిసారికి 6 నెలల వరకు జైలు, లేదా 10,000 జరిమానా, లేదా రెండూ. రెండోసారికి 2 ఏళ్ల వరకు జైలు, లేదా 15,000, లేదా రెండూ. ఈ నేరం 200వ సెక్షన్‌లోని రాజీ జాబితాలో లేదు. అందుకే హెల్మెట్ చలానాలాగ ఫోన్‌లో కట్టేసి ముగించుకోవడం కుదరదు, మేజిస్ట్రేటు ముందుకు వెళ్లాల్సిందే.

చాలామందికి తెలియనిది ఇంకోటుంది. 185 కింద శిక్ష పడితే 20వ సెక్షన్ ప్రకారం కోర్టు లైసెన్సుకు అనర్హత వెయ్యాలి, అదీ 6 నెలలకు తక్కువ కాకుండా. నేరం ఒప్పుకుని జరిమానా కట్టినా అది శిక్ష పడినట్టే. రోజూ కారు మీద వెళ్లేవాడికి పది వేల కంటే ఈ ఆరు నెలలే బరువు. ఆ లెక్క వేసుకున్నాకే ఒప్పుకోవాలో వద్దో తేల్చుకోండి.

రణస్థలం తమ్ముడు:
ఆరు నెలల సంగతి ఎవరూ చెప్పలేదండీ. మిషన్ తప్పు చూపించిందని వాదించడానికి లేదా? ఒక్కసారే ఊదించారు కదా.

గేజు బాబాయ్:
మిషన్ సంగతి నేను చెప్తాను బాబూ. అది ఊపిరిని కొలుస్తుంది. 2100కి 1 నిష్పత్తి పెట్టి రక్తంలో ఎంత ఉంటుందో లెక్కగడుతుంది. కొన్ని మోడళ్లు లీటరు ఊపిరికి ఎన్ని ఎం.జి. అని చూపిస్తాయి. దాన్ని 210తో గుణించాలి. అంటే 0.80 అని వస్తే మీ 168. ముందు స్లిప్పు మీద ప్రమాణం ఏం రాశారో చూడండి. స్లిప్పులో ఒకటి, ఛార్జిషీటులో ఇంకొకటి పడిన కేసులు వాదనకు పనికొస్తాయి.

"మిషన్ పది శాతం ఎక్కువ చూపిస్తుంది" అనే వాదన 31, 32 వచ్చినవాళ్లకు. మీకు 20 శాతం కోసేసినా 134 మిగులుతుంది, హద్దుకు నాలుగింతల పైన. ఆ వాదన వేస్తే మేజిస్ట్రేటు గారు కాగితం మీద నుంచి తల కూడా ఎత్తరు.

అంకెను బాగా పెంచగలిగేది ముఖ్యంగా నోట్లో మిగిలిన ఆల్కహాల్. తాగిన వెంటనే గాని, వాంతి, త్రేన్పు తర్వాత గాని, మౌత్‌వాష్ పుక్కిలించిన వెంటనే గాని ఊదితే రక్తంలో ఉన్నదానికంటే చాలా ఎక్కువ వస్తుంది. 15 నిమిషాలు ఏమీ నోట్లో వేసుకోకుండా ఉంటే అది పోతుంది. అందుకే సరైన పద్ధతిలో 15 నిమిషాలు ఆగి ఊదిస్తారు, మళ్లీ ఒకసారి ఊదించి రెండు అంకెలు దగ్గరగా ఉన్నాయా చూస్తారు. మీకు రెండోది లేదు, అది ప్రశ్నించదగ్గ విషయమే. కానీ "అప్పుడే తాగి బండెక్కాను" అన్నట్టు కూడా అవుతుంది, జాగ్రత్త. చెయ్యాల్సింది మీరు కథ చెప్పడం కాదు. ఆపిన టైము, ఊదించిన టైము, మధ్యలో ఎంతసేపు ఆగారు, ఇవి అధికారిని మీ లాయరు అడగాలి.

స్లిప్పులో చూడాల్సినవి ఇంకా ఉన్నాయి. మిషన్ సీరియల్ నంబరు, టెస్టు నంబరు, తేదీ, టైము, ముందు గాలి పరీక్ష అంకె. మనిషి ఊదకముందు మిషన్ ఖాళీ గాలి తీసి సున్నా చూపించాలి. సున్నా రాలేదంటే పాత నమూనా లోపల మిగిలిందనో, సెన్సర్ సరిగా లేదనో అర్థం. ఈ లోపం మీదే కేరళ హైకోర్టు 2025లో ఒక 185 అభియోగాన్ని కొట్టేసింది. మన దగ్గర అది శాసనం కాదు గాని ఒప్పించడానికి చూపించవచ్చు. పెద్ద అంకె వచ్చిన కేసులో నేను మొదట చూసేది గాలి పరీక్ష గడినే.

తర్వాత కాలిబ్రేషన్ సర్టిఫికెట్. తయారీదారు చెప్పిన గడువులోగా మిషన్‌ను సరిచూడాలి. ఆ గడువెంతో మాన్యువల్‌లో ఉంటుంది. సర్టిఫికెట్ మీద ఉన్న సీరియల్ నంబరు, మీ స్లిప్పు మీద నంబరు ఒకటేనా? స్టేషన్‌లో రెండు మూడు మిషన్లుంటే ఒకదాని కాగితం ఇంకొకదానికి పెట్టేస్తుంటారు.

బొబ్బిలి వకీలు:
బాబాయ్ చెప్పినదానికి కోర్టు వైపు నుంచి కొంత కలుపుతాను.

203వ సెక్షన్ వివరణ ప్రకారం ఆ మిషన్ కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో ఆమోదించిన రకం అయి ఉండాలి. ఆ నోటిఫికేషన్ దాఖలు చెయ్యమని అడగవచ్చు. అదొక్కదాని మీదే గెలుస్తామనుకోకండి. స్లిప్పు మిషన్ నుంచి వచ్చిన ప్రింటు కాబట్టి భారతీయ సాక్ష్య అధినియం 63 కింద సర్టిఫికెట్ ఉందా అని కూడా అడగాలి.

రెండు గంటల రూలు గురించి అందరూ పొరబడతారు. 202 ప్రకారం 185 కేసులో అరెస్టు చేసినవాడిని రెండు గంటల్లో డాక్టరు పరీక్షకు పంపాలి, లేకపోతే వదిలెయ్యాలి. మీ బావగారిని అరెస్టే చెయ్యలేదు కాబట్టి ఆ పాయింటు మీకు పనిచెయ్యదు. ఒకవేళ అరెస్టయినా, ఆ రూలు తప్పితే దొరికేది విడుదల. అంతమాత్రాన కేసు పోతుందని సెక్షన్‌లో లేదు.

గడువు మాత్రం లెక్కపెట్టండి. గరిష్ఠ శిక్ష ఆరు నెలలే కాబట్టి బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 514 కింద సంఘటన జరిగిన ఏడాదిలోగా కోర్టులో కేసు దాఖలు కావాలి. ఆ తర్వాత దాఖలైతే, ఆలస్యాన్ని కోర్టు మన్నించకపోతే అక్కడితో సరి. పాత కేసులు కట్టలుగా తెచ్చి పడేసినప్పుడు ఇది నిజంగానే పనికొస్తుంది.

మొదటి వాయిదాలో జరిగేది ఇది. పేరు పిలుస్తారు, బీఎన్‌ఎస్‌ఎస్ 274 కింద ఆరోపణ సారాంశం చదువుతారు, "ఒప్పుకుంటున్నావా?" అని అడుగుతారు. ఆ రోజు పదుల కేసులుంటాయి, అంతా రెండు నిమిషాల పని. వరసలో ముందున్నవాళ్లంతా "ఒప్పుకుంటున్నానండీ" అనేస్తే మీవాడి నోటా అదే వచ్చేస్తుంది. ఒప్పుకున్నాక అప్పీలు శిక్ష ఎక్కువైందనో, చట్టబద్ధం కాదనో మాత్రమే వెయ్యగలరు, నేరం చెయ్యలేదని కాదు. కాబట్టి ముందు కాపీలు అడగండి. కంప్లయింటు, స్లిప్పు నకలు, సాక్షుల జాబితా. ఒప్పుకోవాలో లేదో చదివాక చెప్పడానికి వాయిదా కోరితే సాధారణంగా ఇస్తారు. వకాల్తా ఆ రోజే దాఖలు చేస్తే తర్వాతి వాయిదాలకు మనిషి రాలేనప్పుడు 355 కింద గైర్హాజరు పిటిషన్ వేసుకోవచ్చు.

రణస్థలం తమ్ముడు:
మీ అంచనా ప్రకారం పోరాడొచ్చా, ఒప్పుకోవడమే మేలా?

బొబ్బిలి వకీలు:
కాగితాలు చూడకుండా చెప్పలేను గాని, నేను వేసే లెక్క ఇది. గాలి పరీక్ష సున్నా ఉండి, సీరియల్ నంబర్లు కలిసి, కాలిబ్రేషన్ గడువులో ఉండి, కంప్లయింటులో టైమూ స్లిప్పులో టైమూ సరిపోతే, 168 మీద విచారణకు వెళ్లడం ఏడాది పాటు సెలవులు పాడుచేసుకోవడమే. ఈ నాలుగింట్లో ఒకటి గట్టిగా తెగితే విచారణ కోరండి. "కొంచెమే తాగాను" అనేది డిఫెన్స్ కాదు, ఒప్పుకోలు.

ఒప్పుకుంటే శిక్ష తగ్గించమని అడగడానికి సరుకు సిద్ధం చేసుకోండి. మొదటి నేరం, ప్రమాదం లేదు, పోలీసులకు సహకరించాడు, ఉద్యోగం కాగితం, ఇంట్లో ఆధారపడినవాళ్లు, కౌన్సెలింగ్‌కు వెళ్లి ఉంటే ఆ సర్టిఫికెట్. కోర్టు జైలు లేకుండా జరిమానాతో సరిపెట్టవచ్చు. అంకె ఎక్కువ ఉన్నప్పుడు ఒకట్రెండు రోజుల జైలు వేసే వీలూ ఉంది, కాబట్టి "ఏమీ కాదు" అని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి. "కోర్టు లేచేవరకు", అంటే ఆ రోజు కోర్టు ముగిసేదాకా అక్కడే ఉండాలనే శిక్ష వేసినా కాగితం మీద అది జైలు శిక్షే. ప్రభుత్వోద్యోగులు, పాస్‌పోర్టు, వీసా పనుల్లో ఉన్నవాళ్లు ఈ తేడా గమనించాలి. అనర్హత ఆరు నెలలు దాటకుండా చూడమని మాత్రం తప్పకుండా నోటితో అడగాలి. అడగకపోతే ఎవరికీ గుర్తుండదు.

కోర్టు వరండా:
లైసెన్సు గురించి ఇంకో మాట. పోలీసులు 206(4) కింద తీసుకున్న లైసెన్సును రవాణా శాఖకు పంపుతారు. అక్కడ 19వ సెక్షన్ కింద విడిగా చర్య నడుస్తుంది. కోర్టు తీర్పులో అనర్హత మాట రాయకపోయినా ఆర్టీవో ఆఫీసు నుంచి నోటీసు రావచ్చు. వస్తే గడువులోగా రాతపూర్వకంగా జవాబివ్వండి, స్వయంగా వినమని అడగండి. ఆ ఉత్తర్వు మీద 30 రోజుల్లో అప్పీలుంది. లైసెన్సు తీసుకున్నప్పుడు ఇచ్చిన తాత్కాలిక రసీదు ఎక్కడుందో చూడండి, ఇవ్వకపోతే రాతపూర్వకంగా అడగండి. అనర్హత కాలంలో బండి నడిపి దొరికితే 182 కింద 3 నెలల వరకు జైలు లేదా 10,000, లేదా రెండూ.

గేజు బాబాయ్:
కారు తెచ్చుకోడానికి వెళ్లేటప్పుడు తాగని మనిషిని, లైసెన్సు ఉన్నవాడిని పంపండి. గంటకు ఓ 15 ఎం.జి. తగ్గుతుందనుకుంటే 168 నుంచి 30కి దిగడానికి తొమ్మిది గంటలు పైనే పడుతుంది. రాత్రి 11కి ఊదినవాడు తెల్లారి 7కి స్టేషన్ నుంచి కారు తీసుకుని నడిపితే ఇంకో కేసు. నిమ్మరసం, పెరుగు, చన్నీళ్ల స్నానం దీన్ని తగ్గించవు.

కోర్టు వరండా:
కారు విషయంలో తెలంగాణ హైకోర్టు 2021లో స్పష్టంగా చెప్పింది: తాగి నడిపాడని బండిని జప్తు చెయ్యడానికి వీల్లేదు. పక్కన తాగనివాడు లైసెన్సుతో ఉంటే అతనికి ఇవ్వాలి, లేకపోతే బంధువును పిలవాలి, ఎవరూ లేకపోతే స్టేషన్‌లో భద్రపరిచి ఆర్సీ, లైసెన్సు చూపిస్తే ఇచ్చెయ్యాలి. ఇది మన హైకోర్టు తీర్పు కాకపోయినా అర్జీలో ప్రస్తావించండి, పని జరుగుతుంది.

చీపురుపల్లి చెల్లి:
కొంచెం వేరే ప్రశ్న అన్నయ్యా. ఊదనని మొండికేస్తే మంచిదని మా వారి స్నేహితులు చెప్తున్నారు. నిజమా? ఆ కేసులో రక్తం ఎలా తీస్తారు?

బొబ్బిలి వకీలు:
ఊదనంటే, తాగాడని అనుమానించడానికి కారణం ఉంటే 203(4) కింద వారంటు లేకుండా అరెస్టు చెయ్యవచ్చమ్మా. తర్వాత 204 కింద డాక్టరుతో రక్తం తీయిస్తారు. దానికీ ఒప్పుకోకపోతే, తగిన కారణం చూపలేనప్పుడు ఆ నిరాకరణే ప్రాసిక్యూషన్‌కు బలమని 205 చెబుతుంది. జరిమానాతో పోయేదాన్ని అరెస్టు దాకా తెచ్చుకోవడం తెలివి కాదు. నేరం బెయిలబుల్ కాబట్టి పూచీకత్తు మీద వదులుతారు, అది వేరే సంగతి.

గేజు బాబాయ్:
రక్తం కేసులో చూడాల్సినవి వేరు తల్లీ. చర్మం తుడవడానికి స్పిరిట్ వాడకూడదు. సీసాలో సోడియం ఫ్లోరైడ్, పొటాషియం ఆక్సలేట్ ఉండాలి. ఫ్లోరైడ్ లేకపోతే నిల్వలో సూక్ష్మజీవులు పులియబెట్టి కొత్త ఆల్కహాల్ పుట్టించగలవు. లేబుల్, సీలు, తీసిన టైము, ఫ్రిజ్‌లో పెట్టిన రోజులు, విశాఖలోని ప్రాంతీయ ఫోరెన్సిక్ ల్యాబ్‌కు చేరిన తేదీ, అక్కడ సీలు సరిగ్గా ఉందని రాశారా, ఈ గొలుసంతా అడగాలి. మధ్యలో సీసా ఎవరి దగ్గరుందో రాయని రోజులు ఉంటే అక్కడ పట్టుకోండి. ఆడవారి రక్తం మగ డాక్టరు తీస్తే పక్కన ఇంకో ఆడమనిషి ఉండి తీరాలి.

అసలు ఏ పరీక్షా చెయ్యకుండా "వాసన వచ్చింది, తూలాడు" అని రాసినవి మాత్రం 30 ఎం.జి. దాటిందని చూపించలేవు. వాసన ఒక్కటే చాలదని సుప్రీంకోర్టు 1971లోనే అంది.

బొబ్బిలి వకీలు:
నిజమే, కానీ బీమా దగ్గర ఆ లెక్క చెల్లదు. పరీక్ష లేకపోయినా తాగి నడిపాడని ఇతర ఆధారాలతో బీమా కంపెనీ నిరూపించి సొంత బండి నష్టం క్లెయిము తిరస్కరించవచ్చని 2021లో సుప్రీంకోర్టు తేల్చింది. ఎవరికైనా గాయమైతే, ప్రాణం పోతే ఇక్కడ చెప్పినవేవీ సరిపోవు, బీఎన్‌ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్లు వచ్చి పడతాయి. వెంటనే మంచి క్రిమినల్ లాయరును పట్టుకోండి.

రణస్థలం తమ్ముడు:
స్లిప్పు మళ్లీ చూశానండి. గాలి పరీక్ష గడి ఉంది గాని అంకె మాసిపోయింది. సీరియల్ నంబరు కనిపిస్తంది. కాలిబ్రేషన్ కాగితం ఎలా తెప్పించాల?

కోర్టు వరండా:
థర్మల్ కాగితం, ఇంకొన్నాళ్లకు మిగతాదీ పోతుంది. ఈ రోజే ఫోటో తీసి, జిరాక్స్ తీయించి పెట్టండి. కోర్టు ఫైలులో ఉన్న నకలు కోసం కాపీ అప్లికేషన్ పెట్టండి. మిషన్‌లో రికార్డు నిల్వ ఉంటుంది కాబట్టి టెస్టు నంబరు రాసి మళ్లీ ప్రింటు ఇప్పించమని మేజిస్ట్రేటును లాయరు అడగవచ్చు. కాలిబ్రేషన్ కాగితానికి ఎస్పీ ఆఫీసులోని పౌర సమాచార అధికారికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. 10 రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. అందులో "మిషన్ వివరాలు కావాలి" అని గాలికి రాయొద్దు. సీరియల్ నంబరు వేసి, ఫలానా తేదీకి అమల్లో ఉన్న కాలిబ్రేషన్ సర్టిఫికెట్ నకలు, దానికి ముందుది, తర్వాతది, ఆ రాత్రి ఆ మిషన్‌తో చేసిన పరీక్షల లాగ్ అని అడగండి. లాగ్‌లో వేరేవాళ్ల పేర్లు తీసేసి ఇవ్వమని మీరే రాస్తే తిరస్కరించే సాకు తగ్గుతుంది. మొదటి వాయిదా అంతకంటే ముందే ఉంటే దరఖాస్తు రసీదు చూపించి వాయిదా కోరండి. లాయరును పెట్టుకునే స్తోమత లేనివాళ్లు కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి, ఫోన్ 15100. సమన్లు అందాక కేసు నంబరుతో ఈ-కోర్ట్స్ యాప్‌లో తేదీ చూసుకుంటూ ఉండండి, వాయిదా తప్పితే వారంటు వస్తుంది.