మే ఎండల్లో పెరటి కూరలు: బెండ ముదురుతోంది, దోస చేదెక్కుతోంది. కోత ఎప్పుడు, వంట ఎలా?

పెరటిమడి:
ప్రకాశం జిల్లా మెట్ట, ఎర్ర నేల, 12 సెంట్ల మడి. బెండ (అర్కా అనామిక రకం), బీర, సొర, కూరదోస, గోరుచిక్కుడు కాపులో ఉన్నాయి. పగలు 42 డిగ్రీలు దాటుతోంది. నాలుగు రోజులకోసారి కాలవ పారిస్తున్నాం. బెండకాయ రెండు రోజులకే పీచు పట్టేస్తోంది. దోసకాయల్లో కొన్ని చేదు, ఒక్కోసారి బీర కూడా. పక్కనే కాకర పాదు ఉంది కాబట్టి చేదు అంటిందని ఊళ్లో అంటున్నారు, నిజమేనా? పొద్దున కోసినవి సాయంత్రానికి వడలిపోతున్నాయి. ఒకేసారి ఎక్కువ దిగితే ఏం వండాలో, ఏం దాచాలో కూడా చెప్పండి.

మెట్టసేద్యం:
కాకర పక్కన ఉన్నంత మాత్రాన దోస చేదెక్కదండి. ఈ రెండూ ఒకదానితో ఒకటి సంకరం కావు. పైగా పుప్పొడి ఏదైనా ఈ కాయ కండ రుచి మారదు, తేడా వస్తే ఆ గింజ నుంచి పుట్టే పాదులో వస్తుంది. అసలు అనుమానించాల్సింది బుడమను, అంటే చిన్న అడవి దోసను. గట్ల మీద మొలిచే బుడమ, కూరదోస ఒకే జాతివి, ఇట్టే సంకరం అవుతాయి. సొంత విత్తనం దాచి వేసినట్లయితే చేదు అలా వచ్చి ఉండొచ్చు. అలాంటి పాదుకు ప్రతి కాయా చేదుగానే ఉంటుంది, దాన్ని పీకేయడమే మేలు.

ఒకే పాదుకు కొన్ని చేదు, కొన్ని మంచివి అయితే కారణం నీటి ఎద్దడి. నాలుగు రోజులు బెట్టకు పెట్టి ఒక్కసారిగా పారిస్తే ఎండదెబ్బకు తీగలో కుకుర్బిటాసిన్లనే చేదు పదార్థాలు పెరుగుతాయి. ఎర్ర నేల నీరు నిలుపుకోదు. ఈ ఎండకు రోజు విడిచి రోజు, తెల్లవారుజామున, కొద్ది కొద్దిగా పెట్టండి. పాదు చుట్టూ నాలుగు వేళ్ల మందాన ఎండుగడ్డి పరవండి. వారం పది రోజుల్లో కొత్త పిందెల్లో తేడా తెలుస్తుంది. ఇప్పటికే చేదెక్కిన కాయ మాత్రం బాగుపడదు.

బెండ విషయంలో మందు ఒక్కటే, రోజు విడిచి రోజు కోత. పువ్వు విచ్చిన ఆరో రోజుకు కాయ కోతకు వస్తుంది, ఈ వేడికి ఇంకా ముందే. కొన వంచితే చిటుక్కున విరగాలి. వంగి తీగలా సాగితే ముదిరినట్టే. ముదిరిన కాయను కూడా చెట్టున ఉంచొద్దు, అది ఉన్నంతకాలం కొత్త పూత తగ్గుతుంది. అనామిక సంకర రకం కాదు కాబట్టి విత్తనానికి కావాలంటే రెండు మంచి మొక్కలు విడిగా వదిలేయండి.

వంటింటి లెక్క:
ముందు ఒక హెచ్చరిక. సొర, బీర, దోస ఏది కోసినా చిన్న ముక్క నాలుకకు తగిలించి చూసి ఉమ్మేయండి. తొడిమ వైపు ముక్కే చూడాలి, చేదు అక్కడ ఎక్కువ. చేదు సొరకాయ తింటే, ముఖ్యంగా రసం తీసి తాగితే, వాంతులు, నెత్తుటి వాంతులు, బీపీ పడిపోవడం దాకా వెళ్తుంది. ఉడికించినా, ఉప్పు రుద్దినా ఆ విషం పోదు. మొహమాటపడకుండా పారేయండి, పశువులకు కూడా వేయొద్దు.

లేత బెండ ఎక్కువ వస్తే వేపుడే. కడిగి, గుడ్డతో తుడిచి, గంటసేపు ఆరనిచ్చి అప్పుడు తరగాలి. తడి మీద తరిగితే జిగురు. అరకిలోకి మూడు చెంచాల నూనె, వెడల్పు మూకుడు, ముక్కలు రెండు వరసలకు మించకూడదు. మూత పెట్టొద్దు. ఉప్పు ముందే వేస్తే నీరు వదిలి మళ్లీ జిగురు తేలుతుంది, అందుకని దించే ముందు రెండు నిమిషాలు ఉండగా ఉప్పు, కారం. పులుసులో అయితే చింతపండు పులుపే జిగురు విరిచేస్తుంది, ఈ జాగ్రత్తలన్నీ అక్కర్లేదు.

దోసకాయలకు దోసావకాయను మించింది లేదు. గట్టి కాయలు చూసి, తొక్క తీయకుండా, గింజలు తీసేసి, ముక్కలు తడి లేకుండా ఆరబెట్టండి. కిలో ముక్కలకు ఆవపిండి, కారం వంద గ్రాముల చొప్పున, ఉప్పు 90 గ్రాములు, నువ్వుల నూనె పావు లీటరు. మర్నాటికే తినొచ్చు. దోసలో నీరెక్కువ కాబట్టి ఇది మామిడి ఆవకాయలాగా ఏడాది ఉండదు, ఫ్రిజ్‌లో రెండు వారాలు అనుకోండి. పచ్చడి చేదొస్తే నేరం దోసకాయది కాకపోవచ్చు: ఆవాలు మిక్సీలో ఆపకుండా తిప్పితే వేడెక్కి చేదెక్కుతాయి. ఎండబెట్టి, ఆపి ఆపి కొట్టండి.

బీరకాయకు నీళ్లు అసలు పోయొద్దు, దాని నీరే చాలు. చెక్కు పారేయకండి. కప్పు చెక్కును రెండు చెంచాల నూనెలో పచ్చి వాసన పోయేదాకా వేయించి, ఐదు పచ్చిమిర్చి, చిన్న ఉసిరికాయంత చింతపండు, చెంచా వేయించిన నువ్వులు, ఉప్పు కలిపి కచ్చాపచ్చాగా నూరితే అన్నంలోకి చాలా బాగుంటుంది.

పాలమూరుతోట:
కాయలు వడలుడు సంగతి నేను చెప్త. పొద్దు పొడవకముందే కోసి నీడకు చేర్చాలె. ఎండలో కుప్ప పోస్తే లోపలి వేడి సాయంత్రం దాకా పోదు. ప్లాస్టిక్ సంచిల పెట్టొద్దు, తడి గోనె కప్పుండ్రి. బెండ, వంకాయ బాగా చల్లటి ఫ్రిజ్‌ల పెడితే మచ్చలొచ్చి మెత్తబడుతయి, గుడ్డ చుట్టి ఫ్రిజ్ కింది కూరల డబ్బాల పెట్టుండ్రి, మూడు నాలుగు రోజులు ఆగుతయి. కడిగి పెట్టొద్దు. దోస, సొర ముక్కలు కోయకుంటే బయట నీడకే ఉంటయి.

ఎక్కువ పంట ఉంటే ఢిల్లీల ఉన్న పూసా వ్యవసాయ పరిశోధనా సంస్థ రూపొందించిన ఇటుకల చల్లగది కట్టుండ్రి. కరెంటు అక్కర్లేదు. రెండు వరసల ఇటుక గోడ, నడుమ 7.5 సెంటీమీటర్ల సందు, సందు నిండ ఇసుక. పొద్దున, సాయంత్రం ఇసుక తడపాలె. మీద గడ్డి తడిక, పైన పందిరి నీడ. పొడి గాలి ఉన్న మెట్ట ప్రాంతంల మంచిగ పని చేస్తది. సముద్రం పక్కన ఉక్కపోత ఉంటే అంత చల్లగ కాదు.

పెరటిమడి:
రోజు విడిచి రోజు నీళ్లకు మార్చేస్తానండి. గోరుచిక్కుడు ఒకేసారి నాలుగు కిలోలు దిగింది. ఒరుగులు పెట్టొచ్చా?

వంటింటి లెక్క:
తప్పకుండా. తుంచితే నార రాని లేతవే తీసుకోండి, ముదురువి ఎండాక పీచుగా తయారవుతాయి. కొనలు తుంచి, లీటరు నీళ్లకు రెండు చెంచాల ఉప్పు వేసి, మరిగేటప్పుడు కాయలు వేసి మూడు నిమిషాలకు వార్చేయండి. మెత్తగా ఉడికితే చాప మీద అతుక్కుంటాయి. పలుచటి గుడ్డ కప్పి మూడు నాలుగు రోజులు గట్టి ఎండలో పెట్టి, పొద్దుగూకేసరికి లోపలికి తేవాలి. విరిస్తే పుటుక్కుమనాలి. వంగుతున్నాయంటే ఇంకో ఎండ కావాలి, లేకపోతే తొలకరికల్లా బూజు పడతాయి. తినేటప్పుడు సన్న సెగ మీద నూనెలో అర నిమిషం వేయిస్తే చాలు.