పల్లీ అలర్జీ: ఓఐటీ మొదలుపెట్టాలా, కొత్త మందుల కోసం ఆగాలా?

డల్లాస్ అమ్మ
బాబుకి 5 ఏళ్ళు. డాక్టర్ ఓఐటీ (పల్లీనే అతి తక్కువ డోసుతో మొదలుపెట్టి రోజూ తినిపిస్తూ పెంచే చికిత్స) మొదలుపెడదామంటున్నారు. పల్లీ పెప్టైడ్ (పల్లీ ప్రోటీన్ చిన్న ముక్కలు) ఇంజెక్షన్లు ట్రయల్స్‌లో ఉన్నాయని చదివాను. వాటి కోసం ఆగనా? ఇన్సూరెన్స్, స్కూల్ సంగతి కూడా చెప్పండి.

ఆస్టిన్ నాన్న
మా పాప పాల్‌ఫోర్జియాతో (ఓఐటీ కోసం తయారుచేసిన పల్లీ పొడి మందు) 300 మిల్లీగ్రాముల పల్లీ ప్రోటీన్‌కి చేరింది. అంటే సుమారు ఒక్క పల్లీ గింజ! రెండు వారాలకోసారి డోసు పెంచుతూ పోతే ఆరు నెలలు పట్టింది. ఐదో నెలలో డోసు వేసిన వెంటనే ట్రాంపొలిన్ ఎక్కింది. దద్దుర్లు, ఆయాసం. ఎపీపెన్ (అడ్రినలిన్ ఆటో ఇంజెక్టర్) పొడిచి 911కి ఫోన్ చేశాను. డోసు తర్వాత ఆటలు వద్దన్నారు, మర్చిపోయింది నేనే.

గుంటూరు బాబాయ్
మా ఇంట్లో తరతరాలుగా పల్లీ కాయలు ఉడకబెట్టుకుని తింటున్నాం, ఎవరికీ ఏమీ కాలేదు. వేయించితేనే తంటా. ఉడికించినవి కొంచెం కొంచెం పెట్టండమ్మా, గానుగ పల్లీ నూనె వాడండి.

ఆస్టిన్ నాన్న
దయచేసి ఇలాంటివి రాయకండి. రిఫైండ్ నూనెలో ప్రోటీన్ దాదాపు పోతుంది, గానుగ నూనెలో ఉంటుంది. మా పాపకి మొదటి రియాక్షన్ వచ్చింది ఊళ్ళో గానుగ నూనెలో వేయించిన పునుగులు తిన్నాకే.

గుంటూరు బాబాయ్
నూనె మీద నింద వేయకండి. అదే నూనెతో మా ముగ్గురు పిల్లలూ పెరిగారు.

ల్యాబ్ మనిషి
11 ఏళ్ళు ఇమ్యునాలజీ ల్యాబ్‌లో పనిచేశాను కాబట్టి చెప్తున్నా. ఉడికిస్తే అలర్జీ గుణం కొంత తగ్గే మాట నిజమే, ఆస్ట్రేలియాలో దాని మీద ట్రయల్ కూడా చేశారు. కానీ డాక్టర్ల ఎదుట, కొలిచి పెట్టారు. ఇంట్లో వద్దు.

అసలు సంగతి ఎవరూ పట్టించుకోవట్లేదు. రోజూ డోసు తింటున్నంత కాలం తట్టుకోవడం వేరు, ఆపేశాక కూడా తట్టుకోవడం వేరు. పల్లీ ఓఐటీ మీద 2022లో వచ్చిన ఇంపాక్ట్ ట్రయల్‌లో 1-3 ఏళ్ళ పిల్లల్లో మందు మీద ఉండగా నూటికి 71 మంది తట్టుకున్నారు. ఆపిన 6 నెలలకి 21 మందే. ఇక పెప్టైడ్‌లు ఐజీఈకి (అలర్జీ రేపే యాంటీబాడీ) చిక్కనంత చిన్న ముక్కలు. రియాక్షన్ రేపకుండా టీ కణాలకి (రోగనిరోధక కణాలు) మాత్రం సర్దుకుపోవడం నేర్పాలని ప్రయత్నం.

హైదరాబాద్ అమ్మ
మీకు ఆటో ఇంజెక్టర్ అయినా ఉంది. మేం అడ్రినలిన్ ఆంప్యూల్, సిరంజి బ్యాగులో వేసుకుని తిరుగుతున్నాం. టిఫిన్ సెంటర్లో పల్లీ చట్నీ వద్దంటే, అదే గరిటెతో కొబ్బరి చట్నీ వేస్తారు. ఎన్నిసార్లు ఏడ్చానో.

ఎడిసన్ అక్క
మేం జోలైర్ (ఐజీఈని అడ్డుకునే ఇంజెక్షన్) మీద ఉన్నాం, 2024 ఫిబ్రవరిలో ఫుడ్ అలర్జీకి అనుమతి వచ్చింది. పొరపాటున కొంచెం తగిలినా కాపాడుతుందంతే, పల్లీలు తినొచ్చని కాదు. అయినా రెండేళ్ళ తర్వాత మొదటిసారి పెళ్ళికి వెళ్ళి కూర్చుని భోంచేశాం.

డల్లాస్ అమ్మ
ఆగితే ఎన్నేళ్ళో తెలియదు, ఈలోగా వాడు స్కూల్లో ఒక్కడే వేరే టేబుల్ దగ్గర తింటున్నాడు. వచ్చే నెల మొదలుపెడుతున్నాం. డోసు తర్వాత ఎంతసేపు ఆడనివ్వరు ఆస్టిన్ అన్నయ్యా?

ఆస్టిన్ నాన్న
మాకైతే కనీసం రెండు గంటలు అన్నారమ్మా. జ్వరం వచ్చిన రోజు ముందు క్లినిక్‌కి ఫోన్ చెయ్యి, నువ్వే నిర్ణయించుకోకు.